ఏటికి రెండు వారాల సెలవివ్వలేమా?

డెన్వర్‌లో పనిచేసిన రోజుల్లో మా టీములో ఒకాయన నన్ను ట్రౌట్ చేపలు పట్టడానికి తీసుకెళ్ళాడు. గేలానికి ఎర ఉండదు, ఈకలూ దారమూ చుట్టి చేసిన దొంగ ఈగ ఉంటుంది. ఆ వారం నీళ్ళలోంచి ఏ పురుగు రెక్కలొచ్చి లేస్తోందో చూసి, దానికి తగ్గ ఈగ కట్టాలట. మేఫ్లై అనే పురుగైతే నెలల తరబడి నీటి అడుగున బతికి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజుల్లో పోతుంది. దాన్ని తినడానికి చేపలు పైకొస్తాయి. అరె, మన ఉసుళ్ళ లాంటి కథే కదా అనుకున్నాను.

ఇంతకీ ఆ రోజు మేం గేలమే వెయ్యలేదు. ఆయన జేబులోంచి థర్మామీటర్ తీసి నీళ్ళలో ముంచాడు. 70 డిగ్రీల ఫారెన్‌హీట్. "పద, ఇంటికెళ్దాం" అన్నాడు. ట్రౌట్ చన్నీళ్ళ చేప. నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, అప్పుడు పట్టి వదిలేసినా బతకడం కష్టం. అంత దూరం డ్రైవ్ చేసి ఉత్తచేతులతో వెనక్కి! నాకైతే ఒళ్ళు మండింది. అక్కడ మమ్మల్ని ఆపేవాడెవడూ లేడు మరి. 2021 జూలైలో కొలరాడో నది మీద చాలా దూరం మధ్యాహ్నం తర్వాత చేపలు పట్టొద్దని అక్కడి వన్యప్రాణి శాఖ కోరింది. అదీ స్వచ్ఛందమే.

మాది నాగావళి ఒడ్డు. తొలివాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసుళ్ళు లేచి లైట్ల చుట్టూ మూగేవి. ఏట్లోకి కొత్తనీరు రాగానే చేపలు ఎదురెక్కి, నారాయణపురం ఆనకట్ట కింద ఆగిపోయేవి. మా చిన్నాన్నా నేనూ వల పట్టుకుని అక్కడే కాపు. బుట్టలో ఏ చేప కడుపు కోసినా గుడ్లే. ఈసారి భలే పడ్డాయని మురిసిపోయేవాళ్ళం. ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు కనిపిస్తే మరీ సులువు, కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పట్టేస్తే పిల్లలు మిగతా చేపల పాలే.

పోయినేడాది ఊరెళ్తే చిన్నాన్న "ఇప్పుడేటి పడతన్నాయిరా, చెరువు చేపలే తింతన్నాం" అన్నాడు. ఇసుక తవ్వకాలూ, ఆనకట్టలూ కూడా కారణం కావచ్చు. కానీ అందులో నా వాటా ఎంతో నాకు తెలుసు.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు. ఆ రోజులకి మత్స్యకార కుటుంబానికిచ్చే భృతిని 2025లో 20 వేలకి పెంచారు, మన బుడగట్లపాలెంలోనే ఆ పథకం మొదలుపెట్టారు. ఏటినే నమ్ముకుని బతికేవాడిని ఏ సాయమూ లేకుండా ఆగమనడం అన్యాయం. నేనడిగేది వాళ్ళని కాదు. సెలవుకి ఇంటికెళ్ళి సరదాకి వల వేసే మనలాంటి వాళ్ళని. రిలీజుకి ముందు కోడ్ ఫ్రీజ్ అంటే నోరెత్తకుండా ఒప్పుకుంటాం కదా! కొత్తనీరు వచ్చాక రెండు వారాలు ఆనకట్ట కింద వల వెయ్యొద్దు. పిల్లలతో ఉన్న కొర్రమీనుని ముట్టుకోవద్దు. అంతే.

ఈ తొలకరికి మావాడిని ఊరు తీసుకెళ్తున్నాను. ఉసుళ్ళు చూపిస్తాను. ఎదురెక్కే చేపల్నీ చూపిస్తాను, మిగిలుంటే. వల మాత్రం అటక మీదే. వాడు అలుగుతాడనుకోండి.. డెన్వర్‌లో నేనూ అలిగాను లెండి.