సూప్ చిక్కగా ఉంది సరే, దేనితో చిక్కబడింది?

చలి ముదిరేకొద్దీ పత్రికల్లోనూ ఫోన్లలోనూ ఒకే సలహా తిరుగుతూ ఉంటుంది: వేడివేడి సూప్ తాగండి, ఒళ్లు వెచ్చబడుతుంది. సలహాలో తప్పేం లేదు. ఆ వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. అది తెలియకపోవడం వల్లే ఇంట్లో ఏ సూప్ కాచుకోవాలన్న దగ్గర మనం పొరబడుతున్నామని నా అభిప్రాయం.

ముందు చిన్న లెక్క. గిన్నెలో పావు లీటరు సూప్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందనుకోండి. కడుపులోకి వెళ్లాక అది ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు దిగుతుంది. ఈ 23 డిగ్రీల తేడాను నీటి విశిష్టోష్ణంతో, బరువుతో గుణిస్తే సుమారు 24 కిలోజౌళ్లు వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి శరీరం కూడా సెకనుకు 80 నుంచి 100 జౌళ్ల వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. అంటే గిన్నెడు సూప్ మోసుకొచ్చే వేడి, మన ఒళ్లు నాలుగైదు నిమిషాల్లో తనంతట తాను తయారుచేసుకునే వేడికి సమానం. అంతే.

అదే గిన్నెలో 30 గ్రాముల కందిపప్పు మెత్తగా ఉడికి కలిసిపోయి ఉంటే లెక్క మారిపోతుంది. ఆ పప్పులో సుమారు 100 కిలోకేలరీలు, అంటే 420 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. సూప్ వేడి రూపంలో ఇచ్చినదానికి ఇది 17 రెట్లు. పైగా ప్రోటీన్‌ను అరిగించుకోవడానికి శరీరం దాని శక్తిలో 20 నుంచి 30 శాతం దాకా ఖర్చుపెడుతుంది. ఆ ఖర్చంతా చివరికి వేడిగానే తేలుతుంది. ఆ కాస్త పప్పులోని ఆరేడు గ్రాముల ప్రోటీన్ అరిగేటప్పుడు పుట్టే వేడి ఒక్కటే, గిన్నెలో పొగలు కక్కిన వేడికి దాదాపు సాటి వస్తుంది. తాగిన అరగంటకో గంటకో నెమ్మదిగా వచ్చే వెచ్చదనం ఇది.

మరి గుటక వేయగానే కలిగే ఆ హాయి ఏమిటి? కొంత అరచేతుల్లో గిన్నె వేడి, కొంత ముఖానికి తగిలే ఆవిరి. మిరియాలు వేస్తే ఇంకొంత. మిరపలోని క్యాప్సైసిన్, మిరియాల్లోని పైపరిన్ మన నాడుల చివర ఉండే వేడి గ్రాహకాన్నే తట్టి లేపుతాయి. వేడిని గుర్తించే ఈ గ్రాహకాన్ని మిరప ఘాటు సాయంతోనే పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మిరియాల చారు తాగితే ఒళ్లు వేడెక్కినట్టు అనిపించడం భ్రమ కాదు, నిజంగా అందిన సంకేతమే. కాకపోతే ఆ సంకేతం వెనక అదనపు వేడేమీ లేదు.

ఇక అసలు విషయం చిక్కదనం. పల్చటి చారు ఒక గ్లాసులో, చిక్కటి పప్పు సూప్ ఇంకో గ్లాసులో పోసి పక్కపక్కన పెట్టి చూడండి. చారు ముందు చల్లారుతుంది. పల్చటి ద్రవంలో పైన చల్లబడిన పొర బరువెక్కి కిందికి దిగుతుంది, అడుగున ఉన్న వేడి ద్రవం పైకి లేస్తుంది. ఉష్ణసంవహనం అని బడిలో చదువుకున్నది ఇదే. చిక్కబడితే ఈ తిరుగుడు ఆగిపోతుంది. అప్పుడు వేడి ఒక పొర నుంచి పక్క పొరకు పాకుతూ, ఉష్ణవహనం ద్వారా మాత్రమే బయటికి రావాలి. నీటిలాంటి పదార్థంలో అది నత్తనడక. పైన నెయ్యో కొవ్వో తేలుతుంటే ఆవిరి కూడా తగ్గుతుంది. అదేం చిన్న విషయం కాదు. పావు లీటరు సూప్ నుంచి 10 గ్రాముల నీరు ఆవిరైపోతే చాలు, మిగిలినది 20 డిగ్రీల దాకా చల్లబడుతుంది.

ఈ సంగతి మొదట పట్టించుకున్న వాళ్లలో ఒకడు బెంజమిన్ థామ్సన్. కౌంట్ రమ్‌ఫర్డ్ అంటే భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలుస్తుంది. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడిని చూసి, వేడి అనేది ఒక పదార్థం కాదు, చలనమని 1798లో వాదించినవాడు. అంతకు ముందు ఏడాది వెలువడిన వ్యాసంలో తన భోజనం గురించి రాసుకున్నాడు. ఏదో ప్రయోగంలో మునిగి ఉండి, తెచ్చిన చిక్కటి అన్నం సూప్‌ను చల్లారకుండా స్టవ్ మీద పెట్టమన్నాడట. గంట తర్వాత పైపైన ఒక చెంచా తీసుకుంటే దాదాపు చల్లగా ఉంది. రెండో చెంచా లోతుగా ముంచి తీస్తే నోరు కాలింది. అడుగున నిప్పు సెగ తగులుతున్నా ఆ వేడి పైకి చేరలేదు. చిక్కటి పప్పు, పాయసం మన ఇళ్లలో అడుగంటేదీ ఇందుకే. అడుగున చేరిన వేడి అక్కడే ఇరుక్కుపోతుంది, మనం గరిటె తిప్పి చేత్తో సంవహనం చేయాల్సి వస్తుంది.

రమ్‌ఫర్డ్ కథలో నాకు ఇంకా ముఖ్యమనిపించే భాగం తర్వాతిది. మ్యూనిక్‌లో పేదలకు చవకగా తిండి పెట్టే బాధ్యత అతనిదే. బార్లీ, ఎండు బఠాణీలు, బంగాళదుంపలు, వెనిగర్, ఎండిపోయిన రొట్టె ముక్కలతో ఒక సూప్ తయారుచేశాడు. యూరప్‌లో చాలా నగరాలు దాన్ని అనుసరించాయి. అయితే ఎక్కువసేపు కాచి చిక్కబరిస్తే నీరు కూడా ఆహారంగా మారుతుందని అతను నమ్మాడు. కొద్దిపాటి గింజలతో అంత కడుపు నిండుతోందంటే మరి నీళ్ల మహిమేగా! అంత తెలివైన భౌతికశాస్త్రవేత్త కూడా కడుపు నిండటాన్ని, పోషణను ఒకటే అనుకున్నాడు.

ఆ పొరపాటు ఇప్పుడు మన వంటింట్లో ప్యాకెట్ రూపంలో ఉంది. పావు లీటరు నీళ్లను చిక్కబరచడానికి 10 గ్రాముల మొక్కజొన్న పిండి చాలు. 60, 70 డిగ్రీలు దాటగానే పిండి రేణువులు నీటిని పీల్చి ఉబ్బిపోతాయి, ద్రవం బరువుగా కదులుతుంది. చూడముచ్చటైన భౌతికశాస్త్రమే. కానీ ఆ 10 గ్రాముల్లో ఉన్నది 35 కిలోకేలరీల పిండిపదార్థం, ప్రోటీన్ లేదనే చెప్పాలి. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. చాలావాటిలో పదార్థాల జాబితా మొక్కజొన్న పిండి, చక్కెర, ఉప్పులతోనే మొదలవుతుంది. పెళ్లిళ్లలో కుర్చీలో కూర్చోకముందే చేతికిచ్చే సూప్‌దీ అదే చిక్కదనం. అక్కడ నాకు అభ్యంతరం లేదు, వెనక భోజనం ఉంది కాబట్టి.

అభ్యంతరమల్లా ఆ సూపే భోజనమైనప్పుడు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఊళ్లో ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లు ఎన్ని ఇళ్లలో లేరు? పళ్లు సరిగా లేవు, చలికి వంట చేయబుద్ధి కాదు. రాత్రి ఫోన్ చేస్తే, "సూప్ తాగి పడుకుంటున్నాం నాన్నా, చాలు" అంటారు. చిక్కగా ఉంది, వేడిగా ఉంది, కడుపు నిండింది కాబట్టి వాళ్లకూ మనకూ నిశ్చింత. భారతీయ వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల మనిషికి 45 గ్రాముల పైమాటే. రాత్రి పూట అందులో దాదాపు ఏమీ అందకపోగా ఉప్పు మాత్రం దండిగా అందుతుంది. ఆ వయసులో బీపీ మాత్ర వేసుకోని వాళ్లు తక్కువ. రోజంతటికీ కలిపి 5 గ్రాముల ఉప్పు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

అందుకే సూప్ ఇంట్లో కాచుకోవాలంటాను, చిక్కదనం తిండి నుంచే రావాలంటాను. మనిషికి 30 గ్రాముల చొప్పున కందిపప్పో పెసరపప్పో తీసుకుని సొరకాయ, క్యారెట్, గుప్పెడు మునగాకు వేసి, నీళ్లు ఎక్కువగా పోసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. మెదపడం ఆఖరున. ముందే చిక్కబడితే రమ్‌ఫర్డ్ గిన్నెలాగే అడుగు మాడుతుంది. పైన జీలకర్ర, మిరియాలు, నెయ్యి పోపు. ఉప్పు కాస్త తగ్గించి నిమ్మరసం పిండితే నాలుక పెద్దగా పేచీ పెట్టదు.

ఉలవచారు విషయంలో ఒక మాట చెబితే కోస్తా వాళ్లకు కోపం వస్తుందేమో. ఉలవలు ఉడికించి కట్టు మనం తీసుకుని, గింజలు పశువులకు పెట్టడం పాత పద్ధతి. రుచి కట్టులో ఉంది నిజమే, ప్రోటీన్‌లో ఎక్కువ భాగం మాత్రం గింజలతో పాటే కొట్టంలోకి వెళ్లిపోతోంది. రెండు గుప్పెళ్ల గింజలు రుబ్బి తిరిగి చారులో కలిపితే అది చలికాలపు రాత్రికి సరిపడే సూప్ అవుతుంది. చారు ప్రియులు దాన్ని ఉలవచారు అనరు. వేరే పేరు పెట్టుకోవచ్చు.

ఎముకల సూప్‌ది మరో రకం చిక్కదనం. హైదరాబాద్ పాతబస్తీలో చలికాలం తెల్లవారుజామున నహారీతో దొరికే పాయా వేళ్లకు అంటుకుంటుందంటే కారణం జెలటిన్. మేక కాళ్లలోని కొలాజెన్ గంటల తరబడి వేడికి విడిపోయి ఇలా మారుతుంది, ఫ్రిజ్‌లో పెడితే పేరుకుంటుంది. ఈ పనిని తొందరగా చేయడానికే 1679లో డెనిస్ పాపిన్ మూత బిగించిన ఆవిరి పాత్రను తయారుచేశాడు. మన కుక్కర్‌కు ముత్తాత పుట్టింది ఎముకలు మెత్తబరచడానికే. లేహ్‌లో ఈ పాత్ర విలువ ఇంకా తెలుస్తుంది. 3500 మీటర్ల ఎత్తున నీరు 88 డిగ్రీలకే మరిగిపోతుంది, పప్పూ ఎముకా ఓ పట్టాన లొంగవు. కుక్కర్ పెడితే అక్కడ కూడా 114 డిగ్రీల దాకా వెళ్లొచ్చు.

పాయా తాగితే మోకాళ్లలో గుజ్జు పెరుగుతుందన్న మాట మాత్రం పక్కన పెట్టండి. జెలటిన్ కూడా మిగతా ప్రోటీన్లలాగే కడుపులో చిన్న ముక్కలైపోతుంది, ఆ ముక్కలకు మోకాలి అడ్రస్ తెలియదు. దానిలో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం లేదు కూడా. ఎముకల నుంచి నీళ్లలోకి దిగే కాల్షియం గ్లాసు పాలలో ఉన్నంత ఉండదు. మాంసం, పప్పు కూడా ఉన్న సూప్ మేలు. హైదరాబాద్ విందుల్లో పోసే మరగ్‌లో మాంసం ముక్కలు అలాగే ఉంటాయి.

చిక్కదనంతో ఇంకో చిక్కు ఉంది. వేడిని పట్టి ఉంచే గుణమే గిన్నె దించాక ఎదురు తిరుగుతుంది. చలికాలమే కదా, పాడవదులే అని పెద్ద గిన్నెడు సూప్ పొయ్యి మీదే వదిలేసి పడుకుంటారు. పైపొర చల్లగా తగులుతుంది, నడుమ భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. మరిగించినా చావని బీజరూపాలున్న క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ లాంటి బ్యాక్టీరియాకు 43 నుంచి 47 డిగ్రీలంటే పండగ. అనుకూలిస్తే పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మాంసం సూప్‌లో, పప్పు సూప్‌లో దానికి కావలసినదంతా ఉంటుంది. ఉష్ణవహనంలో లోతు రెట్టింపైతే చల్లారే సమయం నాలుగు రెట్లవుతుంది. ఇదే సూత్రాన్ని మనవైపు తిప్పుకోవచ్చు. వెడల్పాటి పళ్లేల్లో రెండు అంగుళాలు మించకుండా పోస్తే తొందరగా చల్లారుతుంది, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోతుంది. మర్నాడు తాగేటప్పుడు గోరువెచ్చగా కాదు, కళపెళ మరిగేదాకా వేడిచేయాలి, చిక్కటిది కాబట్టి కలుపుతూ. ఫ్రిజ్ లేని ఇంట్లో రాత్రికి ఎంత తాగుతారో అంతే కాచుకోవడం నయం.