పాత క్యాసెట్టు, కొత్త టీవీ



పండుగకు వచ్చిన బిడ్డలు పెద్ద టీవీ తెచ్చి గోడకు బిగించిన ఇండ్లు మన పామర్రు చుట్టుపక్కల గ్రామాలలో ఇప్పుడు చాలా ఉన్నాయి. క్రికెట్టు పెడితే గడ్డి పరక పరకా కనబడుతుంది. అదే టీవీలో మీ పెండ్లి సీడీ వేసి చూడండి. ముఖాలు అలికినట్టుంటాయి. పందిరి రాటలు మెట్లు మెట్లుగా ఉంటాయి. పెండ్లికుమార్తె మెడలో దండ తెల్లని ముద్దగా కనబడుతుంది. "సీడీ పాడైపోయిందండీ, పారవేద్దామా?" అని కొందరు అడుగుతున్నారు. దయచేసి పారవేయవద్దు. అది ఆగి ఆగి ఆడుతుంటే వేరే సంగతి గాని, సాఫీగా ఆడుతూ మసకగా ఉన్నదంటే, ఆనాడు అందులో ఎంత ఉన్నదో ఈనాడూ అంతే ఉన్నది. మారినది టీవీ.

టీవీలో బొమ్మ అంటే చుక్కల పోగు. వీసీడీలో అడ్డముగా 352, నిలువుగా 288 చుక్కలు, అంటే మొత్తం లక్షకు కొంచెం పైన. ఇప్పుడు 4కె అని అమ్ముతున్న టీవీలో అడ్డముగా 3840, నిలువుగా 2160. అది సుమారు 83 లక్షలు. మన పొలం లెక్కలో చెప్పాలంటే ఒక ఎకరానికి పోసిన నారు తెచ్చి 82 ఎకరాలలో ఊడ్చమన్నట్టు. మన కూలీలైతే నారు చాలదని గట్టు మీద కూర్చుంటారు. టీవీ అలా కూర్చోదు. ఒక మొక్కకు, పక్క మొక్కకు మధ్య ఏమి ఉండవచ్చునో ఊహించి ఖాళీ అంతా నింపివేస్తుంది. మనకు కనబడే మసక ఆ ఊహే. డీవీడీలో 720కి 576 చుక్కలు గనుక ఎకరం నారు 20 ఎకరాలకు సర్దవలెను. ఫుల్ హెచ్‌డీ అయితే సరిగ్గా నాలుగు ఎకరాలకే. అందుకే దానిలో లోటు పెద్దగా తెలియదు.

మరి పాత డబ్బా టీవీలో అదే పెండ్లి బాగానే ఉండేది గదా అంటారు. నిజమే. 21 అంగుళాల టీవీలో బొమ్మ ఎత్తు సుమారు ఒక అడుగు. 55 అంగుళాల టీవీ ఎత్తు దానికి రెండింతలు పైమాటే. మనమేమో ఆ మంచం మీదనే, అంత దూరములోనే కూర్చుని చూస్తున్నాము. పైగా ఆ పిక్చర్ ట్యూబులో ప్రతి చుక్కా చుట్టూ కొంచెం చెదిరి పక్కదానితో కలిసిపోయేది. అంచులు కంటికి మెత్తగా కనబడేవి. ఇంకొకటి, ఆ టీవీ బొమ్మను ఒక్కసారిగా చూపేది కాదు. ముందు బేసి గీతలు, వెంటనే సరి గీతలు, ఇలా సెకనుకు 50 సార్లు గీసేది. పాత కెమేరాలు ఆ పద్ధతికే తీశాయి. కొత్త టీవీ రెండింటినీ కలిపి ఒకేసారి చూపవలెను. ఆ కలపటం సరిగా కుదరకపోతే అక్షింతలు చల్లే చేతి అంచున దువ్వెన పళ్ళు కనబడతాయి.

సెలవులలో పిల్లలు టీవీకి తగిలించి ఆడిన మారియో, కాంట్రా ఆటలు గుర్తున్నాయా? ఆ బొమ్మ వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 240. ట్యూబు మీద నునుపుగా కనబడిన మారియో మీసం ఇప్పుడు నాలుగు ఇటుకలుగా కనబడుతుంది. 4కె ఎత్తు 2160 అనేది 240కి సరిగ్గా తొమ్మిది రెట్లు గనుక అక్కడ ఇటుకలైనా సమముగా ఉండగలవు. 1080 అయితే నాలుగున్నర రెట్లు. ఒక వరుస లావు, ఒక వరుస సన్నం. ఇక బాతులను కాల్చే తుపాకీ ఆట కొత్త టీవీ మీద మామూలుగా పనిచేయనే చేయదు. మీట నొక్కిన క్షణములో బాతు ఉన్న చోట ట్యూబు మీద వెలిగే తెల్లని మచ్చను తుపాకీ కన్ను పట్టుకొనేది. కొత్త టీవీ బొమ్మను సిద్ధము చేసుకొని చూపేసరికి ఆ క్షణము దాటిపోతుంది. పిల్లవాని గురి తప్పిందని నవ్వకండి.

అయితే పాతదంతా మసకే అనుకోవద్దు. మన మండలములోని నిమ్మకూరులో పుట్టిన రామారావుగారు కృష్ణునిగా నటించిన 'మాయాబజార్' 1957 నాటిది. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము. అది 35 మిల్లీమీటర్ల ఫిల్ము. మంచి ప్రతి దొరికితే, ఆ ఫిల్ములో మన పెండ్లి క్యాసెట్టు కన్న ఎన్నో రెట్లు వివరము దాగి ఉంటుంది. 1978లో వచ్చిన 'కరుణామయుడు' సంగతీ అంతే. ఊరి మధ్య తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరుతో వేసినప్పుడు చూచినవారు మీలో ఉంటారు. దాన్ని క్యాసెట్టు నుండి క్యాసెట్టుకు ఎక్కించుకున్న కాపీ చూచి, సినిమాయే అలా తీశారు అనుకోవటం అన్యాయం. 40 ఏళ్ళ తరువాతి పెండ్లి వీడియో కన్న ముందటి సినిమా స్పష్టముగా ఉండటములో వింత లేదు.

అదే మాయాబజార్‌కు హైదరాబాదులో రంగులు అద్ది 2010 జనవరిలో విడుదల చేశారు. ముచ్చటగానే ఉంది. కాని శశిరేఖ చీర అసలు ఏ రంగో నలుపు తెలుపు ఫిల్ము చెప్పదు. అది రంగులు అద్దినవారి నిర్ణయం. సినిమాకు అది వేడుకే. ఇంటి మనుషుల దగ్గరకు వచ్చేసరికి నాకు ఒప్పదు. ఎందుకో చెబుతాను.

మా సంఘములో ఒక తల్లి ఉన్నారు. భర్త పోయి చాలా కాలమైంది. ఆయన కదులుతూ, మాటలాడుతూ కనబడేది 1996లో జరిగిన కూతురి పెండ్లి క్యాసెట్టులో మాత్రమే. మనుమడు ప్రేమతోనే దానిని కంప్యూటరులో ఎక్కించి, ఈమధ్య వచ్చిన కృత్రిమ మేధ సాధనముతో శుభ్రము చేయించాడు. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టేటంత స్పష్టముగా వచ్చింది. ఆమె కాసేపు చూచి, "బాగుంది గాని, ఈయన మీ తాతయ్య కాదురా" అన్నారు. ఆయన బుగ్గల మీద చిన్ననాటి స్ఫోటకపు మచ్చలుండేవి. క్యాసెట్టులో దగ్గరగా తీసిన చోట అవి లీలగా కనబడతాయి. యంత్రము వాటిని మరకలనుకొని తుడిచివేసి, తాను నేర్చుకున్న వేలాది ఇతరుల ముఖాల నుండి నున్నని చర్మము తెచ్చి పెట్టింది. నారు లేని చోట ఎవరిదో పైరు! దువ్వెన పళ్ళు సరిచేయటము, గరగర తగ్గించటము వంటి పనికి ఈ సాధనాలు ఉపయోగమే. ముఖము జోలికి పోనివ్వకండి. చేయించినా అసలు ప్రతిని చెరపకండి.

ఇంటిలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పాత వీడియో పెట్టినప్పుడు టీవీ మెనూలో పిక్చర్ సైజు 4:3 అని పెట్టండి. లేకపోతే బొమ్మ అడ్డముగా మూడవ వంతు సాగి, బక్కపలచని పెండ్లికుమారుడు కూడా బొద్దుగా తయారవుతాడు. రెండు పక్కలా నల్లని పట్టీలు వస్తాయి. రానివ్వండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. అది లేని వివరము తేలేదు, ఉన్న అంచులకు తెల్లని గీత మాత్రమే గీస్తుంది. మంచాన్ని నాలుగడుగులు వెనుకకు జరపండి. ఖర్చు లేని ఈ ఉపాయానికే ఎక్కువ ఫలితముంటుంది.

క్యాసెట్టు, సీడీ రెండూ ఉంటే కొత్త ప్రతి క్యాసెట్టు నుండే తీయించండి. వీసీడీ చేసినప్పుడే సగం గీతలు పోయి ఉంటాయి. స్టూడియోవారికి "720కి 576, 4:3, సాగదీయవద్దు" అని కాగితం మీద వ్రాసి ఇవ్వండి. పెన్‌డ్రైవులో తీసుకోండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్ళీ కుదించివేస్తుంది. ఈ పనిని వచ్చే ఏడాదికి వాయిదా వేయవద్దు. వీసీఆర్‌లు చేస్తూ చివరి వరకు మిగిలిన జపాను కంపెనీ ఫునాయి 2016 జులైలో వాటి తయారీ మానివేసింది. ఉన్న యంత్రాలు అరిగిపోతున్నాయి. మన డెల్టా తేమకు టేపు మీద తెల్లని బూజు పడుతుంది. క్యాసెట్టు కిటికీలో నుండి అది కనబడితే యంత్రములో పెట్టకండి. ఆ బూజు యంత్రానికి, దాని నుండి పక్కింటివారి క్యాసెట్టుకు కూడా అంటుకుంటుంది. ముందుగా శుభ్రము చేయటము తెలిసినవారికే ఇవ్వండి.