దారి లేని అడవిలో దారి చూపే పెద్దవాడు

పిల్లలూ! అడవికి పోయినవాడు కాలిబాట చూసుకుని నడుస్తాడు గదా. మరి పొద్దున వేసిన అడుగు మధ్యాహ్నానికి చెరిగిపోతే?

అటువంటి అడవి ఒకటి ఉన్నది. దాని పేరు సుందరవనం. గంగా, బ్రహ్మపుత్రా, మేఘనా నదులు సముద్రంలో కలిసేచోట, సుమారు 10,000 చదరపు కిలోమీటర్ల మేర, కొంత మన దేశంలోను, అంతకంటె ఎక్కువ బంగ్లాదేశ్‌లోను ఉన్నది. అంతా దీవులూ, ఉప్పుకాలువలూను. రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు వచ్చి ఆ నేలను ముంచి పోతుంది.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిని చూసినవారికి అక్కడి చెట్ల తీరు తెలిసే ఉంటుంది. బురదలో గాలి ఆడదు. అందుకని వాటి వేళ్ళు మేకుల్లాగ పైకి పొడుచుకు వచ్చి ఊపిరి పీలుస్తాయి. అయితే కోరింగలో పెద్దపులి లేదు. సుందరవనంలో ఉన్నది, కాలువలు ఈదుతుంది కూడా!

అయినా ఏటా ఏప్రిల్ వచ్చేసరికి తేనె తీసే మౌలీలు పడవలెక్కి బయలుదేరుతారు. ఇల్లు గడవాలి మరి. వాళ్ళకు ముందు నడిచే పెద్దవాణ్ణి గుణిన్ అంటారు. ఎండకూ ఉప్పుగాలికీ కమిలిన మనిషి. పులి నోరు కట్టే మంత్రం తనకు వచ్చునంటాడు. పులి దానికి ఒప్పుకుంటుందో లేదో గాని, అతని కళ్ళు మాత్రం బురదను వదలవు. ఎందుకంటే, పోటు వచ్చిందంటే బురదమీది గుర్తులన్నీ పలకమీది అక్షరాల్లాగ చెరిగిపోతాయి. కనుక నీరు తీసి రెండు గంటలయితే, అక్కడ కనబడే పులి అడుగు ఆ రెండు గంటల లోపు పడినదే! అటువంటి అడుగు కనబడితే ఆ దీవిలో ఎంత తేనె ఉన్నా పడవ వెనక్కు తిప్పవలసిందే.

అక్కడివారు చెప్పుకునే కథ ఒకటి ఉన్నది. ధోనా అనే ఆశపోతు పడవలనిండా తేనె, మైనం దొరుకుతాయని, దుఖే అనే పేదపిల్లవాణ్ణి పులిరూపం ధరించే దక్షిణరాయ్‌కి అప్పగించి, దీవిలో వదలి పోయాడు. పిల్లవాడు అమ్మ చెప్పినట్టు బోన్‌బీబీని తలుచుకున్నాడు. ఆ అడవితల్లి వచ్చి వాణ్ణి కాపాడి, మొసలి వీపుమీద ఇంటికి పంపింది. హిందువులూ ముస్లిములూ కూడా ఆమెకు మొక్కిగాని అడవిలో అడుగుపెట్టరు. ఆశ వదిలి, శుద్ధమైన మనసుతో రావాలని నియమం.

పట్టు కనబడితే ఆకులకట్ట ముట్టించి, పొగపెట్టి ఈగలను తోలుతారు. పట్టుకోసం వెతికేటప్పుడు జట్టు చెదిరిపోతుంది. ఈతచెట్టువంటి హెంతాల్ పొదలు ఎంత దట్టమంటే, పక్కవాడు కూడా కనబడడు. అందుకని ఒకరికొకరు కూతలు వేసుకుంటూ నడుస్తారు. ఒక్క కూతకు బదులు రాకపోతే, ఇక తేనె మాట ఎవరూ ఎత్తరు.