తెలుగు డిపార్ట్‌మెంట్‌కి టెర్మినల్ ఎందుకు?

మన డిపార్ట్‌మెంట్‌లో కంప్యూటర్ అంటే టైపింగు, ప్రింటౌటు, అంతే. సాఫ్ట్‌వేర్ తయారుచేయడం బీసీఏ వాళ్ల పని, వాడుకోవడం మన పని అని ఒక గీత గీసేసుకున్నాం. అదీ బెంగళూరులో ఉంటూ! ఆ గీత చెరిపేయాలని నా అభిప్రాయం. తెలుగు చదివేవాళ్లం కూడా ఒక్కసారైనా లినక్స్‌లో ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌ని దాని సోర్స్ కోడ్ నుంచి మన చేతులతో ఇన్‌స్టాల్ చేసి చూడాలి.

సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు పాఠం, మనిషి చదవగలిగేది. దాన్ని కంపైలర్ మెషీన్‌కి అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. మనం మామూలుగా డౌన్‌లోడ్ చేసుకునేది ఆ మారిన రూపాన్నే. అందులో ఏముందో చదవలేం. ఓపెన్ సోర్స్ వాళ్లు అసలు పాఠాన్నే బయట పెడతారు. చదవొచ్చు, మార్చొచ్చు, మార్చింది ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఇది మనకి కొత్తేం కాదు. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని పెట్టుకుని చేయించింది ఏమిటి? ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్చి, దిద్దించాడు. ప్రతి చేతిలో లేకపోతే దిద్దడం అన్న మాటే లేదు.

నేను ఇన్‌స్టాల్ చేసింది టెసెరాక్ట్. అచ్చుపేజీ ఫొటో ఇస్తే అందులోని అక్షరాల్ని టెక్స్టుగా మార్చి ఇచ్చే ప్రోగ్రామ్. హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీలో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. తర్వాత చాలా ఏళ్లు గూగుల్ పోషించింది. ఒక్కో భాషకి ఒక్కో డేటా ఫైల్ ఉంటుంది. మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ కన్నడ, కాబట్టి రెండూ దించుకున్నాను. అసలు అవసరం మాత్రం మా అవ్వది. ఆమె దగ్గర ఒక పాత హరికథల పుస్తకం ఉంది, ఇప్పుడు ఎక్కడా దొరకదు. సన్న అక్షరాలు, అవ్వకి కళ్లు ఆనవు. ఫొటో తీసి ఫోన్లో పెద్దది చేస్తే లైను స్క్రీన్ దాటిపోతుంది, ప్రతి లైనుకీ వేలితో అటూ ఇటూ జరపాలి. అదే టెక్స్టు అయితే అక్షరం ఎంత పెద్దది చేసినా మిగతా మాటలు దానంతటవే కింది లైనులోకి వస్తాయి.

ఇంట్లో ఉన్నది ఉబుంటు 16.04 వేసిన పాత ల్యాప్‌టాప్. అందులో ఒక్క కమాండ్‌తో వచ్చేసే టెసెరాక్ట్ 3.04. న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతిలో చదివే నాలుగో వెర్షన్ 2018లోగానీ రాలేదు, నాకు కావలసింది అదీ. అందుకే సోర్స్ కోడ్ దించాను. ముఖ్యమైన మెట్లు మూడు: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. మొదటిది వంటకి కూర్చునే ముందు డబ్బాలు తెరిచి చూసుకోవడం లాంటిది, కావలసినవన్నీ ఉన్నాయా అని. అక్కడే ఆగింది: లెప్టోనికా 1.74 లేదా అంతకంటే కొత్తది కావాలట. అది బొమ్మల్ని చూసుకునే లైబ్రరీ. ఈ ఉబుంటులో ఉన్నది 1.73! సరే, ముందు లెప్టోనికాని సోర్స్ నుంచి కట్టి, మళ్లీ టెసెరాక్ట్ దగ్గరికి వచ్చాను. మేక్ అని కొట్టాక లైన్ల మీద లైన్లు పరిగెత్తాయి. అవి చూసి మా అమ్మ "ఏదో పాడైపోయింది" అని గట్టిగా నమ్మింది.

ఫలితం గొప్పగా ఏం లేదు. థ, ధ తారుమారయ్యాయి, కొన్ని వత్తులు ఎగిరిపోయాయి. ఒక్కో పేజీ దిద్దడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కానీ ఆ దిద్దడం ఎవరికి వస్తుంది? గ్రాంథికం చదవగలిగినవాళ్లకి, అంటే మనకే.

"ఇదంతా చేసే యాప్‌లు ఫోన్లోనే ఉన్నాయి కదే" అంది నా ఫ్రెండ్. ఉన్నాయి, కొన్ని ఇంకా బాగా చదువుతాయి కూడా. అయితే 2018 ఫిబ్రవరిలో ఏమైందో చూడండి. ఐఫోన్‌కి మెసేజ్‌లో "జ్ఞా" అన్న ఒక్క అక్షరం వస్తే యాప్‌లు కుప్పకూలేవి. జ్ఞానం అని రాయడానికి లేదు! ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చేదాకా తెలుగువాళ్లు చేయగలిగింది ఎదురుచూడడం ఒక్కటే. కోడ్ బయట ఉంటే మనం దిద్దేసేవాళ్లమా? నేనైతే కాదు. కానీ తెలుగూ ప్రోగ్రామింగూ రెండూ వచ్చిన మనిషి ఎక్కడున్నా కూర్చుని చూసే వీలుండేది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు లినక్స్‌ని తెలుగులోకి తేగలిగింది ఆ వీలు ఉండబట్టే. మెనూలో ఏ మాటకి ఏ తెలుగు పెట్టాలి అన్నది ఇంజనీర్లకే వదిలేస్తే ఎలా? అక్కడ మన గొంతు కూడా వినపడాలి.

ఇబ్బందులూ చెప్పాలి. సుడో అని కొట్టి ఇన్‌స్టాల్ చేయడం అంటే ఇంటి తాళంచెవి ఇవ్వడమే. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ అసలు చోటు నుంచే కోడ్ దించాలి, ఎక్కడపడితే అక్కడ కాదు. సిస్టమ్ అప్‌డేట్‌లు దీన్ని పట్టించుకోవు, కొత్త వెర్షన్ వస్తే మళ్లీ మనమే కట్టుకోవాలి.

మేడమ్‌లని అడిగేది ఒక్కటే: సెమిస్టర్‌కి ఒక శనివారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒక పాత మెషీన్ ఇప్పించండి. లైబ్రరీలో ముట్టుకుంటే పొడి రాలే పుస్తకాలున్నాయి. రచయిత పోయి అరవై ఏళ్లు దాటినవి తీసుకుంటే కాపీరైట్ బెడద కూడా ఉండదు. మనిషికి పది పేజీలు దిద్దుదాం. ఈ గోడపత్రికలో మన చేతిరాత మాత్రం టెసెరాక్ట్‌కి అంతుపట్టదు, ప్రయత్నించి చూశాను. ఆసక్తి ఉన్నవాళ్లు సెకండియర్ క్లాసులో నన్ను అడగండి, సీనియర్ అక్కలు కూడా.