ఈసారి నక్షత్రం ఇంట్లోనే!

డిసెంబరు వచ్చిందంటే చాలు... సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, విజయవాడ బీసెంట్ రోడ్డులో నక్షత్రాలు వేలాడుతుంటాయి. ప్లాస్టిక్‌వి, రంగురంగుల ఎల్ఈడీలవి, పాటలు పాడేవి. బేరమాడి తెచ్చి బాల్కనీలో తగిలించి స్విచ్చి వేస్తే సరి, అయిదు నిమిషాల్లో ఇంటికి పండగొచ్చేస్తుంది. ఆ అయిదు నిమిషాల్లో పిల్లలు చేసే పనేంటయ్యా అంటే... చూడటం!

గుంటూరు జిల్లాలోని మా నాయనమ్మ వాళ్ల ఊళ్లో నక్షత్రం కట్టడానికి రెండు రోజులు పట్టేది. పది వెదురు బద్దలు కావాలి. అయిదింటితో ఒక నక్షత్రం, మిగతా అయిదింటితో ఇంకోటి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొనల దగ్గరా దారంతో బిగించాలి. లోపలి అయిదు మూలల దగ్గర బెత్తెడు పుల్లలు నిలబెడితే నడుమ ఉబ్బి బుట్టలా తయారవుతుంది. ఆపైన మైదా ఉడికించిన జిగురుతో రంగు కాగితాలు అతికించాలి. వెనక ఒకచోట మాత్రం వదిలెయ్యాలి, 40 క్యాండిల్ బల్బు పెట్టడానికి. బద్దలు చీల్చడం బాబాయిల పని. దారం పట్టుకోవడం, జిగురు పూయడం మా పని. సగం జిగురు కాగితాలకి, సగం మా జుట్టుకి! గడకి కట్టి పైకి లేపాక అందరం వీధి చివరికి పరిగెత్తేవాళ్లం, మాది అక్కడిదాకా కనిపిస్తోందో లేదోనని.

ఇక కేరల్స్ సంగతి చెప్పక్కర్లేదు. డప్పు, తాళాలు, ముందు పెట్రోమాక్స్ లైటు, దూది గడ్డం తగిలించుకుని డప్పుకి చిందులేసే క్రిస్మస్ తాత. రాత్రంతా ఇల్లిల్లూ తిరిగి పాడేవాళ్లు. మా ఇంటికి ఏ రెండింటికో వచ్చేవాళ్లు. వాళ్లకి టీ, జంతికలు అందించడానికి మమ్మల్ని నిద్ర లేపేవారు. ఆ వేళప్పుడు మెలకువగా ఉండటమే మాకు పెద్ద గొప్ప.

అన్ని పండగల్లో నాకేమేం కొనిపెట్టారో ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు. ఒక్క పచ్చ గౌను మాత్రం గుర్తుంది. అదీ ఎందుకంటే, 24 రాత్రి ఎనిమిదింటిదాకా టైలర్ గారి అరుగు మీద పడిగాపులు కాశాం కాబట్టి!

సంప్రదాయం అనగానే ఆదికాలం నుంచీ ఉన్నదనుకుంటాం కానీ, ప్రతిదీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మొదలుపెట్టిందే. పశువుల పాకలో బాలయేసు దృశ్యాన్ని ఇటలీలోని గ్రెచ్చో అనే పల్లెలో ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసీ 1223లో నిజం ఎద్దుతో, గాడిదతో ఏర్పాటు చేశారు. ఎన్నో దేశాల్లో వెలిగే మొరేవియన్ కాగితపు నక్షత్రం 1830ల్లో జర్మనీలోని నీస్కీ పట్టణంలో పుట్టింది. అదీ ఓ బళ్లో, రేఖాగణితం పాఠంగా పిల్లల చేత చేయించిన పని. మన మెదక్ చర్చి సంగతే చూడండి. కరువు రోజుల్లో పనికి తిండి పెడుతూ పాస్నెట్ దొర కట్టించిన ఆ గుడిని 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. రాళ్లు మోసినవాళ్ల మునిమనవలు ఇప్పటికీ తెల్లవారుజాము ఆరాధనకి చలిలో బయల్దేరి వస్తారు.

మా నాయనమ్మ పోయి ఆరేళ్లయింది. ఊళ్లో ఇంటికి తాళం. బాబాయిలు తలో ఊళ్లో, అన్నయ్య డల్లాస్‌లో. ఆమె పోయిన ఏడాది మా ఫ్లాట్‌లో క్రిస్మస్ అంటే చర్చికెళ్లి రావడం, కేకు కొయ్యడం, బిర్యానీ తెప్పించుకోవడం. మధ్యాహ్నం రెండింటికల్లా అందరం టీవీ ముందున్నాం. 'అమ్మా, పండగ అయిపోయిందా?' అని మా అమ్మాయి అడిగింది. అప్పటికి దానికి నాలుగేళ్లు. ఏం చెబుతాం?

ఆ సాయంత్రమే నేనూ మావారూ కూర్చుని లెక్కేసుకున్నాం, ఊరి పండగలోంచి ఈ మూడు గదుల్లోకి ఏవి పడతాయని. అరిసెలు పట్టవు. పాకం సరిగ్గా ఎప్పుడు దించాలో తెలిసిన చెయ్యి నాయనమ్మతోనే పోయింది. కొంటున్నాం, అందులో నామోషీ ఏమీ లేదు. రాత్రంతా కేరల్సూ కుదరవు. రాత్రి పది దాటితే వాచ్‌మన్ ఒప్పుకోడు. ఏడింటికే మొదలెట్టి, మైకు లేకుండా, మా అంతస్తులో నాలుగిళ్లకీ వెళ్లి రెండేసి పాటలు పాడతాం. పక్కింటి మామ్మగారు తాళాలు వాయిస్తారు. ఆవిడవి భజన తాళాలు లెండి!

నక్షత్రం మాత్రం వదల్లేదు. వెదురు బద్దలు గాలిపటాలు కట్టేవాళ్ల దగ్గర దొరుకుతాయి. ఈ రోజుల్లో ఎల్ఈడీ బల్బు అంతగా వేడెక్కదు కనుక కాగితం కాలుతుందన్న బెంగా తక్కువే. మొదటి ఏడాది మాది కాస్త ఒక పక్కకి వాలింది. అయినా దాన్ని అలాగే వేలాడదీయాలని అమ్మాయి పట్టుబట్టింది. ఏ రంగు కాగితమన్నది పూర్తిగా దాని నిర్ణయమే. పళ్లేలు పంచే పెత్తనం కూడా దానిదే. పళ్లెం ఎవరింటి నుంచీ ఖాళీగా తిరిగి రాదు. సంక్రాంతికి సకినాలతోనో, రంజాన్‌కి సేమ్యాతోనో వస్తుంది. ఏ పళ్లెం ఎవరింట్లో ఉందో దానికే తెలుసు.

మీ ఇంట్లో ఏది పట్టుకొస్తారో మీ ఇష్టం. ఒకటో రెండో చాలు. కాకపోతే అందులో పిల్లలకో పని ఉండాలి. వాళ్లు చెయ్యకపోతే ఆగిపోయే పనై ఉండాలి. ఊరికే సాయం చేస్తున్నట్టు నటించే పని అయితే వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

క్రిస్మస్ ఉదయం ఆరింటికి అన్నయ్య వాళ్లకి వీడియో కాల్ చేస్తాం. అక్కడ 24 సాయంత్రం ఆరున్నర. వాళ్లబ్బాయి కిందటేడాది అట్టముక్కలతో నక్షత్రం చేసి చూపించాడు. దానికి ఆరు కొనలున్నాయి. 'అయిదే ఉండాలి' అని మా అమ్మాయి, 'మా ఇంట్లో ఆరు' అని వాడు. ఈ డిసెంబరుకీ ఆ తగవు తేలలేదు. వాడడిగిన అరిసెలు మాత్రం పార్సిల్ కట్టి పంపాను.