పల్లెను కాపాడాలంటే రైతుకు చెల్లించాలి

ఇంగ్లండ్ పల్లె అనగానే రాతి ఇళ్లు, పాత చర్చి, ఊరి నడుమ పచ్చిక బయలు గుర్తొస్తాయి. అవి వాటంతట అవే మిగల్లేదు. సొంత స్థలమైనా అనుమతి లేకుండా కట్టడానికి వీల్లేదని 1947లోనే అక్కడ చట్టం చేశారు. హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల, మొయినాబాద్ పల్లెలకూ అలాంటి కాపుదల ఒకటి దొరికింది, కాకపోతే పల్లెల కోసం కాదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల నీళ్లు కలుషితం కాకూడదని 1996లో తెచ్చిన జీవో 111, మొత్తం 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చామంతులు, బంతిపూలు పంపే చేలు హైదరాబాద్‌కు ఇంత దగ్గర్లో ఇంకా ఉన్నాయంటే, అందులో ఆ జీవో పాత్ర చిన్నది కాదు.

నగరం తాగే నీళ్ల కోసం మా భూమి ధర ఎందుకు తొక్కిపెట్టాలని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. 2023 వేలంలో నగరం అంచునున్న కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది మరి. అయితే 2022లో జీవో 69తో ఆంక్షలు ఎత్తేస్తున్నామని ప్రకటించినప్పుడు లాభం ఎవరిది? పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లది. అవసరానికి అడ్డికి పావుసేరు లెక్కన అమ్ముకున్న రైతుది కాదు; ఆ చేలల్లో ప్రహరీలు కట్టి ఫాంహౌస్‌లు లేపినవాళ్లది. ఇంగ్లండ్ చేసిన తప్పు కూడా ఇక్కడే ఉంది. చట్టం గోడలను కాపాడింది, మనుషులను మరిచింది. నగరాల సంపన్నులు పల్లె ఇళ్లు కొనేసరికి కూలీల పిల్లలకు పుట్టిన ఊళ్లో ఇల్లు అందని ధరైంది. స్థానికులకు మాత్రమే చవక ఇళ్లు కట్టే వెసులుబాటు ఆ తర్వాతెప్పుడో ఇచ్చారు. మనం మాత్రం పల్లె రూపునూ, పల్లె మనుషులనూ ఒకేసారి పోగొట్టుకుంటున్నాం. చివరికి చేవెళ్ల మీదుగా వెళ్లే బీజాపూర్ రోడ్డు పొడవునా ఊడలు దించిన మర్రిచెట్లను రోడ్డు విస్తరణ నుంచి కాపాడడానికి హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఉచితంగా కాపలా కాయమని రైతును అడిగే హక్కు నగరానికి లేదు. జలాశయాల ఎగువన సాగు చేస్తున్నవారికి ఏటా ఎకరానికి ఇంతని చెల్లించాలి. ఆ డబ్బు నగర నీటి బిల్లుల నుంచే రావాలి. చెరువు శిఖం భూములనూ, మర్రిచెట్లనూ చట్టంలో పేరుపేరునా చేర్చాలి. గ్రామకంఠంలో ఊరివాళ్ల ఇళ్లకే మొదటి హక్కు ఇవ్వాలి. కొత్త లేఅవుట్లకు సంతకాలు పెట్టేముందే ప్రభుత్వం ఈ మూడూ తేల్చాలి.