మెడకు చిన్న కోత సరే... ఫ్లోరైడ్ పల్లెలకు సరిపడేనా?

నల్గొండ: మెడ నొప్పికి చిన్న కోతతో శస్త్రచికిత్స, మరునాడే ఇంటికి ప్రయాణం అన్న ప్రకటనలు పట్టణాల్లో విరివిగా దర్శనమిస్తున్నాయి. ఆ మాటలో అసత్యం లేదు. అయితే ఆ వైద్యం ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు అన్న సంగతి మాత్రం ప్రకటనల్లో ఉండదు. ఫ్లోరైడ్ పీడిత నల్గొండ జిల్లాలో ఆ తేడా తెలియకపోతే కాళ్లూ చేతులకే ముప్పు.

మెడలో 7 వెన్నుపూసలుంటాయి. వాటి మధ్యనున్న డిస్కు పక్కకు జారి చేతికి వెళ్లే నరాన్ని నొక్కితే భుజం నుంచి వేళ్ల దాకా మంట, తిమ్మిరి మొదలవుతాయి. ఇటువంటి వారిలో అధికులకు కొన్ని వారాల పాటు మందులు, వ్యాయామాలతోనే ఉపశమనం లభిస్తుంది. అప్పటికీ తగ్గనివారికి, చేయి బలహీనపడుతున్నవారికి శస్త్రచికిత్స అవసరమవుతుంది.

చిన్న కోత విధానం వీరిలో కొందరికి నిజంగా వరమే. మెడ వెనుక సుమారు 2 సెంటీమీటర్ల కోత పెట్టి, కండరాలను కోయకుండా సన్నని గొట్టంతో పక్కకు జరుపుతారు. సూక్ష్మదర్శినిలో చూస్తూ నరం బయటకు వచ్చే చోట ఎముకను కొద్దిగా చెక్కి ఒత్తిడి తొలగిస్తారు. ఎండోస్కోపుతో చేస్తే కోత సెంటీమీటరు లోపే. పూసలను అతికించరు కనుక మెడ కదలిక పోదు, రక్తస్రావమూ తక్కువ. ఆ మాటకొస్తే 1950 దశకం నుంచీ మెడ ముందు భాగం నుంచి చేస్తున్న సంప్రదాయ శస్త్రచికిత్సకు కూడా పెద్ద కోత ఏమీ ఉండదు. కోత పొడవును బట్టి వైద్యాన్ని ఎంచుకోవడం సరికాదు.

ఎముకగా మారే బంధనాలు

ఫ్లోరైడ్ గ్రామాల్లో పరిస్థితి వేరు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీటిని ఏళ్ల తరబడి తాగినవారిలో పూసలను పట్టి ఉంచే బంధనాలు గట్టిపడి ఎముకగా మారతాయి. వెన్నుపాము సాగే దారి ఇరుకవుతుంది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నేటి ప్రకాశం ప్రాంతంలో 1937లోనే ఈ వ్యాధిని గుర్తించారు. నిమ్స్ సంచాలకులుగా పనిచేసిన నాడీ శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ డి.రాజారెడ్డి వెన్నుపాముపై దీని ప్రభావాన్ని విస్తృతంగా పరిశోధించారు. (నాణేల చరిత్రలోనూ ఆయనది పెద్ద పేరే.)

ఇక్కడ ఒత్తిడి ఒక్క నరంపై కాదు, అనేక పూసల పొడవునా వెన్నుపాముపైనే. ఎముక రాయిలా ఉంటుంది, బంధనం వెన్నుపాము పొరకు అతుక్కుపోయి ఉండవచ్చు. మెడ వంగదు కనుక మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసగొట్టం అమర్చడమూ కష్టమే. సన్నని గొట్టంలోంచి సాధ్యమయ్యే పని కాదిది. మెడ వెనుక విశాలంగా తెరిచి పూసల పైకప్పు తొలగించక తప్పదు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నదీజలాలు అందడం నేటి పిల్లలకు మేలే. నడివయసువారిలో ఇప్పటికే గట్టిపడిన బంధనాలు మాత్రం మంచినీటితో మెత్తబడవు.

చొక్కా బొత్తాములు పెట్టుకోలేకపోవడం, అన్నం ముద్ద చేతిలోంచి జారడం, చెప్పు ఊడిపోయినా తెలియకపోవడం, నడకలో తూలడం వెన్నుపాము నలుగుతోందనడానికి గుర్తులు. నొప్పి లేకపోవచ్చు కూడా. పల్లెల్లో దీనిని వాతమనో పక్షవాతమనో భావించి పసరు మందులతో నెలలు గడిపేస్తున్నారు. క్షౌరశాలలో మెడ విరిపించుకునే అలవాటు ఇటువంటివారికి మరింత ప్రమాదకరం. ఆలస్యమైన కొద్దీ శస్త్రచికిత్స చేసినా పోయిన శక్తి తిరిగి రావడం దుర్లభం.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచింది. 2019లో నల్గొండకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కొరవడిందల్లా ఊళ్లోనే రోగిని గుర్తించే ఏర్పాటు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు పై నాలుగు గుర్తులు నేర్పితే అందుకు పెద్ద ఖర్చేమీ కాదు. ఫ్లోరైడ్ గ్రామాలవారు వైద్యునికి తాము తాగిన నీటి సంగతి ముందే చెప్పాలి. బంధనం ఎముకగా మారిందీ లేనిదీ ఎంఆర్ఐ కంటే సీటీ స్కానులో స్పష్టంగా తెలుస్తుంది కనుక, చిన్న కోతకు అంగీకరించే ముందు ఆ పరీక్ష గురించి అడగడం మేలు.